క్యారెట్ మడి డైరీ: ఫ్రాస్ట్ తేదీ నమ్ముకుని 300 విత్తితే మొలిచింది 26

మడి 3 మీటర్ల పొడుగు, 1.2 మీటర్ల వెడల్పు. అడ్డంగా 12 వరసలు, వరసకీ వరసకీ మధ్య 25 సెం.మీ. వరసకి లెక్కపెట్టి 100 విత్తనాలు. రకం నాంటెస్, ప్యాకెట్ మీద 70 రోజులు అని ఉంది. విడతకి మూడు వరసల చొప్పున విత్తా. ఎవరికైనా పనికొస్తే కాపీ కొట్టండి, 1వ విడత మాత్రం వద్దు.

తేదీల సంగతి ముందే చెప్పేస్తా. నెలల పేర్లు కావాలనే రాయట్లేదు, మీ చలికాలం వేరు నా చలికాలం వేరు. ఎఫ్ అంటే వాతావరణ రికార్డుల్లో సగటున మొదటి ఫ్రాస్ట్ పడే రోజు. ఎఫ్-80 అంటే దానికి 80 రోజుల ముందు, ఎఫ్+20 అంటే 20 రోజుల తర్వాత. ఫ్రాస్ట్ అంటే పొగమంచు కాదు, మంచు కురవడమూ కాదు, తెల్లారి చూస్తే ఆకుల మీద తేమ గడ్డకట్టి ఉప్పు చల్లినట్టు కనబడుతుందే, అది. వేడి ప్రాంతాల్లో ఏడాదికి అలాంటి రాత్రులు ఐదారు వస్తే ఎక్కువే.

దశ 1: ఎఫ్-80, వెనక్కి లెక్కేసి విత్తడం

అందరూ చెప్పే లెక్కే వేశా, ఫ్రాస్ట్ పడేలోపు పంట చేతికి రావాలని. ప్యాకెట్ మీద 70 రోజులు, పగళ్ళు చిన్నవవుతాయి కాబట్టి ఇంకో 10, మొత్తం 80. ఎఫ్ నుంచి 80 వెనక్కి వెళ్ళి ఆ రోజే విత్తా.

1. పార లోతున తవ్వి, రాళ్ళు ఏరి, 1 నుంచి 6 వరసల్లో పశువుల ఎరువు కలిపా (సరిగ్గా మాగలేదని తెలిసీ వేశా, దీని ఫలితం దశ 7లో ఉంది).
2. 1, 2, 3 వరసల్లో వేలితో గాడి తీసి 2 సెం.మీ. లోతున విత్తా. ప్యాకెట్ మీద 1 సెం.మీ. అనే ఉంది, కానీ పైన వేడి కదా లోపల చల్లగా ఉంటుందని నా తెలివి.
3. తవ్విన మట్టే పైన కప్పా.
4. పొద్దున సాయంత్రం నీళ్ళు.

నేల వేడి చూడకుండా విత్తలేదండీ, చూశా. వంటగదిలో వాడే సూది థర్మామీటర్ పొద్దున 7కి 10 సెం.మీ. లోతుకి గుచ్చితే 27 వచ్చింది. క్యారెట్ మొలవడానికి 27 బంగారం లాంటి అంకె, ఇంకేం కావాలి అనుకున్నా.

ఎఫ్-70 కి, అంటే పదో రోజుకి, 4 మొలకలు. నేల పైన పెంకు కట్టింది, గోటితో లేపితే బిళ్ళలుగా వస్తోంది. ఒక బిళ్ళ కింద తెల్లటి మొలక మూడు మెలికలు తిరిగి, దారి దొరక్క చచ్చిపోయి ఉంది. 2 సెం.మీ. లోతు వల్ల ఒరిగింది అదీ.

ఎఫ్-62, 18వ రోజు ఆఖరి లెక్క: 300కి 26. నూటికి 9 కూడా లేవు.

మొత్తం ఇప్పటికి: విత్తనాలు 300, మొలకలు 26, పని 8 గంటలు.

దశ 2: తప్పు ఎక్కడ (ఎఫ్-70 నుంచి ఎఫ్-62)

మొదటి అనుమానం విత్తనం మీదే వచ్చింది, అందరికీ అదే వస్తుంది. క్యారెట్ విత్తనం బాగా దాస్తే మూడేళ్ళు పనికొస్తుంది, అది దాటితే మొలక శాతం పడిపోతుంది. నాది కొత్త ప్యాకెట్టే. అయినా అనుమానం తీరాలి కాబట్టి:

1. తడిపి పిండిన టిష్యూ మీద 10 చొప్పున 10 వరసలు, మొత్తం 100 విత్తనాలు, అదే ప్యాకెట్లోవి.
2. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇంట్లో నీడన ఉంచా, గది 24, 25 డిగ్రీలు.
3. రోజూ మూత తీసి గాలి తగలనిచ్చి, ఆరితే చుక్కలు చల్లా.

ఎనిమిదో రోజుకి 82 మొలిచాయి. అంటే విత్తనం తప్పేం లేదు. విత్తే ముందు చేయాల్సిన పని ఇది, నేను విత్తింతర్వాత చేశా.

రెండో అనుమానం థర్మామీటర్. గ్లాసు నిండా దంచిన ఐసు, అది మునిగేంత నీళ్ళు, రెండు నిమిషాలు కలిపి అందులో ముంచా. 0 చూపించాలి, 1.4 చూపించింది. అప్పట్నుంచి ప్రతి అంకెలో 1.4 తీసేసి రాస్తున్నా. ఇదీ పెద్ద తేడా కాదు.

అసలు తప్పు ఎఫ్-68 మధ్యాహ్నం దొరికింది. 2:30కి మడి దగ్గరకి వెళ్ళి, సూదిని నిటారుగా కాకుండా ఏటవాలుగా పడుకోబెట్టి మొన 1 సెం.మీ. లోతులో ఉండేలా గుచ్చా. 42.4 చూపించింది, 1.4 తీసేస్తే 41. నేను విత్తనం ఉన్న చోట కాకుండా దానికి ఎనిమిది సెంటీమీటర్ల కింద, అదీ రోజు మొత్తంలో చల్లగా ఉండే టైంలో కొలిచి సంబరపడ్డా. విత్తిన రోజు మధ్యాహ్నం ఎంతుందో కొలవలేదు, 41 కన్నా ఎక్కువే అయ్యుంటుంది.

అప్పుడు మడి దగ్గర పెద్దాయన ఒకాయన (ఆయన మడి నా పక్కనే) నేను మోకాళ్ళ మీద కూర్చుని సూది గుచ్చడం కాసేపు చూసి, "ఆ పుల్లతో ఏం చూస్తావయ్యా, చెప్పులు విప్పి మిట్టమధ్యాహ్నం మడిలో నిలబడు, వంద లెక్కపెట్టేదాకా నిలబడగలిగితే విత్తుకో" అన్నారు. నిలబడి చూశానండి అన్నా. ఎంతదాకా అన్నారు. పద్దెనిమిది.

వేడికీ మొలకకీ సంబంధం తెలియనిదేం కాదు, పాత ప్రయోగాల అంకెలు చాలా చోట్ల ఉన్నాయి, నేనే సరిగ్గా చదవలేదు. నేల వేడిని బట్టి మొలవడానికి పట్టే రోజులు దాదాపు ఇలా ఉంటాయి:

5 డిగ్రీలు: 50 రోజులు
10 డిగ్రీలు: 17 రోజులు
15 డిగ్రీలు: 10 రోజులు
20 డిగ్రీలు: 7 రోజులు
25 డిగ్రీలు: 6 రోజులు
30 డిగ్రీలు: 6 రోజులు
35 డిగ్రీలు: 9 రోజులు, అదీ మొలిచేవి తగ్గిపోయి

చలి వైపు చూడండి, 5 డిగ్రీల్లో కూడా ఆలస్యంగానైనా మొలుస్తుంది. వేడి వైపు 30 దాటాక నేరుగా గోడే. చలి దేశాల వాళ్ళకి విత్తే రోజుకి నేల 20, 22 ఉంటుంది, వాళ్ళ భయమంతా చివర్లో వచ్చే ఫ్రాస్ట్ గురించి, అందుకే వాళ్ళు దాని నుంచి వెనక్కి లెక్కేస్తారు. మనకి ఫ్రాస్ట్ నుంచి 80 రోజులు వెనక్కి పోతే ఇంకా మండే ఎండల్లోకి వెళ్ళి పడతాం. లెక్క కరెక్టే, కొలవాల్సిన చివర వేరే.

ఇంకో సంగతి, 41 డిగ్రీలంటే వేడి ఒక్కటే కాదు. పొద్దున పోసిన నీళ్ళు పదకొండింటికల్లా పై సెంటీమీటర్లో ఉండవు. క్యారెట్ విత్తనం గ్రాముకి వందల్లో తూగే నలుసు, ఒకసారి తడిసి ఉబ్బి మొలక కదిలాక ఆరిపోతే మళ్ళీ నీళ్ళు పోసినా లేవదు. కాబట్టి 1వ విడతని చంపింది వేడా, ఎండిపోవడమా, పెంకా, లోతా అంటే నాలుగూ అని రాసుకున్నా, విడదీసి చెప్పే లెక్క నా దగ్గర లేదు.

మొత్తం ఇప్పటికి: విత్తనాలు 400 (టిష్యూవి కలిపి), మడిలో మొలకలు 26, పని 9 గంటలు.

దశ 3: ఎఫ్-62, చెక్కల కింద

నేల 1 సెం.మీ. దగ్గర మధ్యాహ్నం 38. ఆగితే బాగుండేది కానీ, వేడిలోనే మొలిపించే ఉపాయం పని చేస్తుందో లేదో తెలుసుకుందామని 4, 5, 6 వరసలు విత్తా.

మార్చినవి:

1. లోతు 2 నుంచి 1 సెం.మీ.కి తగ్గించా.
2. గాడి తీసి ముందు గాడిలో నీళ్ళు పోసి, ఇంకాక విత్తి, పైన మట్టి బదులు ఇసుక, మాగిన ఆకు ఎరువు సగం సగం కలిపి కప్పా. పెంకు కట్టదు.
3. వరస మీద చెక్క పలక, రెండు చివరలా ఇటుక ముక్క పెట్టి నేలకి 2 సెం.మీ. ఎత్తులో.
4. పొద్దున ఒకసారి పలక ఎత్తి సన్నటి చిల్లుల క్యాన్‌తో నీళ్ళు.

మధ్యాహ్నం పలక కింద 31, పక్కన బోసి నేల 38. ఏడు డిగ్రీలు తగ్గింది, ఖర్చేం లేని పనికి ఇది చాలా ఎక్కువ. అన్నిటికన్నా ముఖ్యం పలక కింద ఇసుక సాయంత్రం దాకా తడిగానే ఉంది.

ఇక్కడ చేసిన వెధవ పని ఒకటి రాయాలి. ఐదో రోజు ఎత్తి చూశా, ఏమీ లేదు. ఆరో రోజు బయట పనుండి చూడలేదు. ఏడో రోజు పొద్దున ఎత్తితే వరస పొడుగునా తెల్లగా దారాల్లాగా రెండేసి సెంటీమీటర్లు సాగిన మొలకలు, పలకని తలతో తోస్తున్నాయి. లెక్కపెడితే 141, అంటే నూటికి 47. పలక తీసేశా, అప్పటికే ఎండెక్కింది, సాయంత్రానికి సగం పడుకున్నాయి, మూడో రోజుకి 58 పోయాయి. మిగిలినవి 83.

కాపీ కొట్టేవాళ్ళు: నాలుగో రోజు నుంచి రోజుకి రెండుసార్లు ఎత్తి చూడండి, ఒక్క మొలక కనబడినా పలక తీసేయండి, తీసేది సాయంత్రమే తీయండి. వీలుంటే పలక తీసి దాని స్థానంలో షేడ్ నెట్ ఒక నాలుగు రోజులు ఉంచితే ఇంకా మంచిది, నేను తర్వాత అలాగే చేశా.

మొత్తం ఇప్పటికి: విత్తనాలు 700, మొలకలు 167 (బతికున్నవి 1వ విడతలో 11, 2వ విడతలో 83), పని 13 గంటలు.

దశ 4: రోజూ 3 గంటలకి ఒక అంకె

ఇక్కడి నుంచి తేదీ చూడటం మానేసి మధ్యాహ్నం 3కి బోసి నేలలో 1 సెం.మీ. దగ్గర కొలవడం మొదలుపెట్టా. ఒకే చోట, ఒకే రంధ్రం, గుర్తుకి పుల్ల పాతిపెట్టా, ఎందుకంటే మడి అంచుకీ మధ్యకీ మూడు డిగ్రీల తేడా వస్తోంది, రోజుకో చోట కొలిస్తే ఏదీ పోల్చలేం.

ఎఫ్-68: 41
ఎఫ్-62: 38
ఎఫ్-55: 35
ఎఫ్-48: 31
ఎఫ్-44: 29
ఎఫ్-40: 27

మధ్యలో ఎఫ్-51 నాడు వానపడి ఒక్కసారిగా 28కి పడింది, నేను సంచి పట్టుకుని పరిగెత్తబోయి ఆగా, రెండ్రోజుల్లో మళ్ళీ 33. అందుకే ఒక్క రోజు అంకె నమ్మొద్దు. నేను పెట్టుకున్న రూలు: వరసగా మూడు రోజులు 3 గంటల అంకె 30 లోపు ఉండాలి. అది మా మడిలో ఎఫ్-42 కి కుదిరింది. మీకు ఎఫ్-60 కావచ్చు, ఎఫ్-30 కావచ్చు. నల్లరేగడా ఎర్రమట్టా ఇసుకా, నీళ్ళు ఎంత నిలుస్తాయి, పక్కన గోడ ఉందా, వీటన్నిటి బట్టి మారుతుంది.

దశ 5: ఎఫ్-40, 3వ విడత

7, 8, 9 వరసలు. పశువుల ఎరువు లేదు, ఇసుకా ఆకు ఎరువూ మాత్రమే. పలకలు నాలుగు రోజులే, ఆ తర్వాత షేడ్ నెట్. ఏడో రోజుకి 222 మొలకలు, నూటికి 74. టిష్యూ మీద 82 వచ్చిన విత్తనానికి నేలలో 74 అంటే ఇంతకన్నా లాగలేం.

ఈ విడత గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, అదే దీని గొప్ప.

పలచన చేయడం మాత్రం ఒళ్ళు పులిసే పని. రెండుసార్లు చేశా, ఆకు 3 సెం.మీ. ఉన్నప్పుడు ఒకసారి (2, 3 సెం.మీ. ఎడంతో), రెండు వారాల తర్వాత 5 సెం.మీ. ఎడంతో ఇంకోసారి. మొదటిసారి 4వ వరసలో పీకా, ఒకటి పీకితే పక్కది కూడా కదిలి వాడిపోయింది, ఆ తర్వాత చిన్న కత్తెరతో నేల మట్టానికి కత్తిరించడమే. 1.2 మీటర్ల వరసకి 5 సెం.మీ. చొప్పున 24 మొక్కలు, మూడు వరసలకి 72. మొలిచిన 222లో 150 కత్తిరించి పారేయడానికి మనసొప్పదు, ఒప్పుకోకపోతే పెన్సిళ్ళు తవ్వుకుంటారు.

మొత్తం ఇప్పటికి: విత్తనాలు 1000, మొలకలు 389, పని 20 గంటలు.

దశ 6: ఫ్రాస్ట్ వచ్చింది, ఏమీ కాలేదు

ఎఫ్ కోసం నేను పెట్టిన శ్రద్ధ చూస్తే నవ్వొస్తుంది ఇప్పుడు. కనిష్ఠం గుర్తుపెట్టుకునే థర్మామీటర్లు రెండు పెట్టా, ఒకటి 1.5 మీటర్ల ఎత్తులో నీడనిచ్చే డబ్బాలో, వాతావరణ కేంద్రాల్లో దాదాపు ఆ ఎత్తులోనే కొలుస్తారు కాబట్టి. రెండోది మడిలో ఆకుల ఎత్తున, నేలకి 5 సెం.మీ. పైన.

ఎఫ్-11 రాత్రి ఆకాశం తేటగా ఉంది, గాలి ఊసే లేదు. పొద్దున పైదాంట్లో 2.1, కిందిదాంట్లో మైనస్ 1.6. తేడా 3.7. అలాంటి రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది, చల్లబడ్డ గాలి బరువెక్కి కిందకి జారి పల్లంలో నిలబడుతుంది, నా మడి ఉన్నది పల్లపు మూలలోనే. రికార్డులో ఆ రోజు ఫ్రాస్ట్ లేదు, నా మడిలో ఉంది. పైగా సగటు తేదీ అంటేనే దాదాపు సగం ఏళ్ళు అంతకన్నా ముందే వస్తుందని అర్థం, ఆ రోజు దాకా రాదని కాదు.

3వ విడత మొక్కలకి అప్పటికి విత్తి 29 రోజులు, రెండు మూడు అసలు ఆకులు. పొద్దున ఏడింటికి అన్నీ నేలకి వాలిపోయి తెల్లగా ఉన్నాయి, ఇంతే సంగతులు అనుకున్నా. పదింటికల్లా ఏమీ జరగనట్టు లేచి నిలబడ్డాయి. ఒక్కటీ పోలేదు.

ఆ చలికాలం మొత్తంలో మడిలో 6 రాత్రులు ఫ్రాస్ట్, అన్నిటికన్నా తక్కువ మైనస్ 3.2. పై థర్మామీటర్ సున్నా కిందకి దిగింది ఒక్కసారే. క్యారెట్ ఆకు ఇంతకన్నా గట్టి చలినే ఓర్చుకుంటుంది, దుంపకి పైన మట్టి దుప్పటి ఎలాగూ ఉంది. టమాటాకో వంకాయకో ఎఫ్ అంటే చావు తేదీ, క్యారెట్‌కి కాదు, నేను టమాటా లెక్కని క్యారెట్‌కి వేశా.

ఎఫ్-10, 4వ విడత: 10, 11, 12 వరసలు. 3 గంటల అంకె 19. పలకలు అవసరం లేదు, ఇసుక కప్పి వదిలేశా. పదకొండు రోజులకి మొలిచాయి, 219, నూటికి 73. వీటికి అప్పుడే పుట్టిన జంట ఆకులున్నప్పుడు ఒక ఫ్రాస్ట్ రాత్రి తగిలింది. సగం మీద పల్చటి గుడ్డ కప్పా, సగం వదిలేశా. వదిలేసిన సగంలో 9 పోయాయి, కప్పిన సగంలో ఏమీ పోలేదు. ఇంత చిన్న లెక్క మీద తీర్పు చెప్పను, కానీ మొలక దశలో ఒక గుడ్డ కప్పడానికి ఐదు నిమిషాలు పడుతుంది, కప్పుతా.

మొత్తం ఇప్పటికి: విత్తనాలు 1300, మొలకలు 608, పని 26 గంటలు.

దశ 7: తవ్వకాలు, కాళ్ళూ చేతులూ

1వ విడత, ఎఫ్+8, 88 రోజులు. మిగిలిన 11 తవ్వా, అర కిలో. 7 చీలి ఉన్నాయి, ఒకటి కూర్చున్న మనిషిలా ఉంది.

2వ విడత, ఎఫ్+24, 86 రోజులు. పలచన చేశాక మిగిలినవి 57, బరువు 2.9 కిలోలు. చీలినవి 25, నూటికి 44.

3వ విడత, ఎఫ్+57, 97 రోజులు. 7, 8 వరసలు తవ్వా, 48 దుంపలు, 4.1 కిలోలు, సగటున 85 గ్రాములు. చీలినవి 3. తొమ్మిదో వరసని నేలలోనే ఉంచా, అదెందుకో కింద చెప్తా.

చీలడం గురించి. 1 నుంచి 6 వరసల్లో సరిగ్గా మాగని ఎరువు ఉంది, 7 నుంచి 12 లో లేదు. పచ్చి ఎరువు తగిలితే వేరు కొన దెబ్బతిని రెండు మూడుగా చీలుతుందని అందరూ చెప్పేదే, నా అంకెలు కూడా అటే చూపిస్తున్నాయి. కానీ నిజాయితీగా చెప్పాలంటే ఆ వరసలు వేడి నేలలో కూడా మొదలయ్యాయి, 2వ విడతలో నాలుగు దుంపలకి పీచు వేళ్ళ మీద చిన్న చిన్న బుడిపెలు కనబడ్డాయి, అవి వేరుబుడిపె నులిపురుగుల పని. ఆ పురుగు కూడా వేరు కొనలోనే దూరుతుంది, చీలేలా చేస్తుంది. నేల 18 డిగ్రీల కిందకి వచ్చాక అవి వేళ్ళలోకి చొరబడటం బాగా తగ్గుతుంది. కాబట్టి ఎరువెంత, పురుగెంత అని విడదీయలేను. రెండిటికీ మందు మాత్రం ఆలస్యంగా విత్తడం, పాత ఎరువు వాడటం.

ప్యాకెట్ 70 రోజులంటే నాకు 97 పట్టింది. పగలు 10 గంటల కన్నా తగ్గితే ఎదుగుదల దాదాపు ఆగిపోతుందంటారు. భూమధ్యరేఖకి 30 డిగ్రీల అక్షాంశం లోపల ఉన్నవాళ్ళకి ఏడాదిలో అతి చిన్న పగలు కూడా 10 గంటలు దాటే ఉంటుంది కాబట్టి మనకి పూర్తిగా ఆగదు, నెమ్మదిస్తుంది, పైగా రాత్రి చలి. నా లెక్కలో చలిలోకి వెళ్ళే విడతకి ప్యాకెట్ రోజులకి 25 కలుపుకోవాలి, 10 కాదు.

రుచి: 1వ విడత చప్పగా ఉంది, 3వ విడత తియ్యగా ఉంది. నాలుక కొలత, అంకె లేదు. చల్లటి వాతావరణంలో దుంపలో చక్కెర పెరుగుతుంది, దానికి ఫ్రాస్టే పడాల్సిన పన్లేదు, వారాల తరబడి చల్లటి రాత్రులు చాలు.

మొత్తం దిగుబడి ఇప్పటికి: 0.5 + 2.9 + 4.1 = 7.5 కిలోలు. పని 31 గంటలు.

దశ 8: నేలనే ఫ్రిజ్ చేద్దామనుకున్నా

తొమ్మిదో వరస 24 దుంపలు. తవ్వకుండా ఉంచి కావాల్సినప్పుడల్లా రెండేసి తీసుకుందాం అని. చలి ఉన్నన్నాళ్ళూ భలే కుదిరింది, 9 తీశా, 0.9 కిలో. ఆ తర్వాత వాతావరణం వేడెక్కింది, ఎఫ్+95 కి చూస్తే మిగిలిన 15లో 13 కి నడిమధ్యన పూత కాడ లేస్తోంది.

క్యారెట్ రెండేళ్ళ మొక్క. కాస్త ఎదిగిన దుంపకి కొన్ని వారాలు 10 డిగ్రీల లోపు చలి తగిలితే చలికాలం అయిపోయిందని లెక్కేసుకుని, వేడి రాగానే విత్తనానికి సిద్ధమవుతుంది. చిన్న మొక్కకి ఆ లెక్క రాదు, ఎదిగినదానికే వస్తుంది. కాడ మొదలయ్యాక దుంప మధ్యలో కట్టె. కత్తి దిగలేదు. 13 కంపోస్టు గుంటలోకి, మిగతా రెండు కూడా పీచుగానే ఉన్నాయి, వాటి బరువు రాయట్లేదు. పెద్దాయన మాత్రం రెండు కాడలు ఉంచేయమన్నారు, పువ్వు మీద తేనెటీగలు బాగా వాల్తాయట. అప్పటికే పీకేశా.

అంటే నేలలో నిల్వ చేసుకోవచ్చు, కానీ దానికీ ఆఖరి తేదీ ఉంది, అది చలి చివర, ఎండ మొదలు. నాకు అది ఎఫ్+80 దగ్గర.

4వ విడత ఎఫ్+116 కి తవ్వా, 126 రోజులు, 72 దుంపలు, 6.0 కిలోలు, చీలినవి 4, పూత కాడ ఒక్కదానికీ లేదు, చలి గట్టిగా ఉన్నప్పుడు ఇవి చిన్నవి కదా. పైకి తేలిన భుజాలు కొన్ని పచ్చబడ్డాయి, మట్టి ఎగదోయడం మర్చిపోయా.

మొత్తం దిగుబడి ఇప్పటికి: 7.5 + 0.9 + 6.0 = 14.4 కిలోలు.

దశ 9: ఎఫ్+58, ఎండతో పరుగుపందెం

దీన్ని కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి. 1, 2, 3 వరసలు ఖాళీగానే ఉన్నాయి. చివరి ఫ్రాస్ట్ సగటు తేదీ మాకు ఎఫ్+70. చివరి ఫ్రాస్ట్‌కి రెండు మూడు వారాల ముందు విత్తొచ్చు అనేది ఇంకో ప్రసిద్ధ రూలు, నేను 12 రోజుల ముందు, ఎఫ్+58 కి విత్తా. నేల 14, మొలవడానికి 11 రోజులు, 207 మొలకలు, నూటికి 69. పలచన చేసి 72 ఉంచా. ఫ్రాస్ట్ దీన్నీ ఏమీ చేయలేదు.

చేసింది ఎండ. ఎఫ్+120 నుంచి పగలు 32, 33 డిగ్రీలు. క్యారెట్ దుంప బాగా ఊరేది 15 నుంచి 21 మధ్య, అది దాటి పోయేకొద్దీ పొట్టిగా, రంగు తక్కువగా, ఘాటుగా తయారవుతుంది. ఎఫ్+136 కి, 78 రోజులకి తవ్వేశా, ఇంకా ఉంచితే బాగుపడే సూచన లేదు. 72 దుంపలు, 2.3 కిలోలు, సగటున 32 గ్రాములు, పొడుగు 6 నుంచి 9 సెం.మీ. కొరికితే ముందు తీపి తగిలి వెనకాల జిగురు వాసనలాంటి ఘాటు వస్తుంది.

అంటే ఆ చివర కూడా అదే తప్పు. చివరి ఫ్రాస్ట్ నుంచి ముందుకి లెక్కేశా, పగలు 27 దాటే రోజు నుంచి వెనక్కి లెక్కేయాలి. నాకు అది దాదాపు ఎఫ్+112. ఈ విడతకి 85 రోజులు అనుకుంటే ఎఫ్+27 కి విత్తుండాలి. అప్పుడు నేల ఇంకా చల్లగా ఉంటుంది, మొలక రెండు వారాల పైనే పట్టొచ్చు, పట్టనివ్వండి.

మొత్తం లెక్క: విత్తనాలు 1600, మడిలో మొలకలు 815, దిగుబడి 14.4 + 2.3 = 16.7 కిలోలు, పని 39 గంటలు.

దశ 10: వచ్చేసారికి గోడ మీద రాసుకున్నది

1. ప్యాకెట్ తెరవగానే టిష్యూ మీద 100 విత్తనాలు, మడిలో వేసే ముందు.
2. థర్మామీటర్‌ని ఐసు నీళ్ళలో సరిచూసుకోవాలి.
3. మధ్యాహ్నం 3కి, 1 సెం.మీ. లోతు, అదే రంధ్రం. మూడు రోజులు 30 లోపు వస్తే మొదటి విడత.
4. తర్వాత రెండేసి వారాలకి ఒక రెండు వరసలు, ఎఫ్+27 దాకా. ఆ తర్వాత లేదు.
5. పశువుల ఎరువు ఈ మడిలో వేయను. ముందు పంటకి వేసిందే దీనికి.
6. చలి గట్టిగా ఉన్నప్పటికే ఎదిగిన దుంప ఒక్కటీ ఎఫ్+80 తర్వాత నేలలో ఉండకూడదు.
7. ఒక వరస కురోడా, వేడికి కొంచెం ఓర్చుకునే రకం కాబట్టి దాన్ని ముందు చివర, ఎఫ్-50 దగ్గర పలకల కింద వేసి చూడాలి. నాంటెస్‌తో పక్కపక్కనే, ఒకే రోజు, లేకపోతే మళ్ళీ విడదీయలేని లెక్కే మిగులుతుంది.

ఎఫ్+150: బుడిపెల పురుగు కోసం 1 నుంచి 6 వరసలు బాగా తడిపి, పారదర్శక ప్లాస్టిక్ షీటు బిగించి అంచులు మట్టితో పూడ్చా, ఎండ తీవ్రంగా ఉన్న ఆరు వారాలు అలాగే ఉంచాలి. నల్ల షీటు వద్దు, అది తను వేడెక్కుతుంది, నేలని అంతగా వేడెక్కనివ్వదు. షీటుకి చిన్న చిల్లు పెట్టి థర్మామీటర్ గుచ్చి చుట్టూ టేపు అంటించా. ఈ రోజు 3 గంటలకి 5 సెం.మీ. లోతులో 49. పక్కన షీటు లేని నేలలో అదే లోతున 39. పెద్దాయన వచ్చి ఏం వండుతున్నావయ్యా అని అడిగి వెళ్ళారు.